డిలే చాంబర్ ఉన్న ఫ్లూయిడ్ కప్లింగుపై పేటెంటు నోటీసు వచ్చింది: ఏ దారి పట్టాలి?

బాలానగర్_లేత్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాదు బాలానగర్‌లో మాది చిన్న మెషీన్ షాపు. బెల్టు కన్వేయర్లకూ క్రషర్లకూ వాడే ఫ్లూయిడ్ కప్లింగులను 2009 నుంచి సొంతంగా తయారు చేస్తున్నాము. అంతకు ముందు చాలా ఏళ్లు ఇతరుల కప్లింగులను మరమ్మతు చేయడమే మా పని. పోయిన నెలలో ఒక పెద్ద కంపెనీ తరఫు న్యాయవాది నుంచి నోటీసు అందింది. మేము 2016 నుంచి అమ్ముతున్న డిలే చాంబర్ రకం కప్లింగు వారి పేటెంటును ఉల్లంఘిస్తోందనీ, పదిహేను రోజుల్లో తయారీ ఆపి ఇప్పటి వరకు అమ్మిన వాటి లెక్క చెప్పాలనీ, లేకపోతే దావా వేస్తామనీ అందులో ఉంది. నోటీసు నకలును మా దగ్గర ఏటా సరుకు కొనే ఒక కన్వేయర్ తయారీదారుకు కూడా పంపారు. ఆయనతో ఇరవై ఏళ్ల పరిచయం ఉన్నా, "ఇది తేలేదాకా ఆగుదాం" అని చేతిలో ఉన్న ఆర్డరును పక్కన పెట్టారు. నిజం చెప్పాలంటే నోటీసు కన్నా ఆ ఫోనే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

యంత్రం తెలియని వారి కోసం కొంచెం వివరిస్తాను. ఫ్లూయిడ్ కప్లింగులో మోటారు వైపు ఇంపెల్లర్, గేర్‌బాక్సు వైపు రన్నర్ అని రెక్కలున్న రెండు గిన్నెలు ఎదురెదురుగా ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలవు. మధ్యలో ఉన్న ఆయిల్‌ను ఇంపెల్లర్ బయటి అంచుకు విసురుతుంది, ఆ ఆయిల్ రన్నర్ రెక్కలను నెట్టి, లోపలి అంచు మీదుగా తిరిగి వస్తుంది. బొగ్గుతో నిండిన బెల్టు ఒక్కసారిగా కదలనని మొరాయించినా మోటారు మాత్రం తేలికగా తన వేగం అందుకోగలగడమే దీని ఉపయోగం. డిలే చాంబర్ రకంలో వెనుక ఒక గది అదనంగా ఉంటుంది. యంత్రం ఆగి ఉన్నప్పుడు ఆయిల్‌లో కొంత ఆ గదిలో చేరి, మోటారు తిరగడం మొదలయ్యాక సన్నని నాజిళ్ల గుండా మెల్లగా పని జరిగే భాగంలోకి వస్తుంది. నాజిల్ రంధ్రం 5 మిల్లీమీటర్ల నుంచి 3కు తగ్గిస్తే బెల్టు ఎంత నెమ్మదిగా లేస్తుందో పక్కన నిలబడితే కంటికే తెలుస్తుంది.

వారి పేటెంటు దరఖాస్తు 2014 నాటిది, మంజూరైనది 2021లో. మొదటి క్లెయిమ్‌ను (తమ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాన్ని) తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ఇంపెల్లర్, రన్నర్, డిలే చాంబర్ ఉండి, ఆ చాంబర్ నాజిళ్లను కప్లింగు విప్పకుండా బయటి నుంచే మార్చగలిగేలా ఉండి, రన్నర్ లోపలి అంచు వద్ద విప్పి తీయగలిగేలా బిగించిన వలయాకారపు బేఫిల్ ప్లేటు (అడ్డు పలక) ఉన్న ఫ్లూయిడ్ కప్లింగు.

మా దానిలో నాజిల్ స్క్రూలు బయటి నుంచే మారతాయి, కాదనను. కాని బేఫిల్ ప్లేటు లేదు. రన్నర్‌ను అల్యూమినియంతో పోత పోసేటప్పుడే లోపలి అంచులో 12 మిల్లీమీటర్ల ఎత్తున ఒక పెదవి వచ్చేలా ప్యాటర్న్ (పోత అచ్చుకు నమూనా) చేయించాము. అది పోతలో భాగమే, విప్పడానికి బోల్టు ఉండదు. అయితే అది చేసే పని దాదాపు బేఫిల్ ప్లేటు చేసే పనే. బెల్టు కదలనప్పుడు లోపలి అంచు వైపు ఉరికే ఆయిల్‌కు అడ్డుపడి మోటారు మీద భారం తగ్గిస్తుంది.

ఇది ఉల్లంఘన అవుతుందా? డబ్బు కట్టి రాజీ పడాలా, పోరాడాలా, ప్యాటర్న్ మార్చేయాలా? ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

క్లెయిమ్_చదివేవాడు

బాలానగర్ గారూ, మీరు క్లెయిమ్‌ను ముక్కలుగా విడదీసి మీ యంత్రంతో పోల్చి రాయడం చాలా మందికి తోచని పని. చాలా మంది నోటీసులోని బొమ్మను, తమ వస్తువును పక్కపక్కన పెట్టి "ఒకేలా ఉన్నాయే" అని బెంబేలెత్తిపోతారు. పేటెంటులో బొమ్మకు హక్కు లేదు, వర్ణనకు హక్కు లేదు, క్లెయిమ్‌లో రాసిన మాటలకే హక్కు. ఆ మాటల్లో చెప్పిన ప్రతి అంశమూ మీ కప్లింగులో ఉంటేనే ఉల్లంఘన. కనుక తగవు అంతా "విప్పి తీయగలిగేలా బిగించిన" అన్న రెండు మూడు మాటల మీదే నడుస్తుంది.

అక్షరం పట్టుకుని చూస్తే మీరు బయట ఉన్నారు. కాని అక్షరం ఒక్కటే చాలదు. బ్రిటన్‌లో క్యాట్నిక్ కేసు అని 1980లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు ఒకటి ఉంది. తలుపుల, కిటికీల మీద వేసే ఉక్కు లింటెల్ మీద పేటెంటు అది. క్లెయిమ్‌లో వెనుక పలక "నిలువుగా" ఉండాలని రాశారు. ఎదుటి కంపెనీ దానిని 6 డిగ్రీలు, 8 డిగ్రీలు వంచి అమ్మింది. ఆ కొద్ది వంపు వల్ల పలక మోసే బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు కాబట్టి, ఈ పని తెలిసిన వ్యక్తి ఆ మాటను జ్యామితి పుస్తకంలోలాగా చదవడు కాబట్టి, అది ఉల్లంఘనే అని తేల్చారు. మన కోర్టులు కూడా క్లెయిమ్ సారాన్ని చూడాలనే మాటను చాలా కాలంగా అంటున్నాయి. ఢిల్లీ హైకోర్టు 1977 నాటి రాజ్ ప్రకాశ్ కేసులోనే పిల్లల ఫిలిం వ్యూయర్ విషయంలో ఆ ధోరణిలో మాట్లాడింది. మీ అవతలి వారు "పెదవి అయితేనేమి, ప్లేటు అయితేనేమి, ఆయిల్‌ను అడ్డుకోవడమే కదా" అని అనబోయేది ఈ దారిలోనే.

అందుచేత మీరు ముందు చేయవలసిన పని ఒకటుంది. పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్ వెబ్‌సైటులో ఆ పేటెంటు నంబరు కొట్టి, దస్త్రంలోని పత్రాలన్నీ దింపుకోండి. ముఖ్యంగా మొదటి పరీక్షా నివేదిక, దానికి వారిచ్చిన జవాబు చూడండి. మొదట దాఖలు చేసిన క్లెయిమ్‌లో "విప్పి తీయగలిగేలా" అన్న మాట ఉందా, లేక పరీక్షకుడు పాత పేటెంట్లు చూపించి అభ్యంతరం చెప్పాక చేర్చారా? అభ్యంతరం తప్పించుకోవడానికే చేర్చి ఉంటే, మంజూరు కోసం వదులుకున్నదానిని ఇప్పుడు కోర్టులో వెనక్కి లాక్కోవడానికి వీల్లేదని వాదించవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 2002లో ఫెస్టో కేసులో ఈ విషయాన్నే విచారించింది. అయస్కాంతంతో పని చేసే రాడ్ లేని సిలిండర్లలో సీలు రింగులు రెండా ఒకటా అన్నది అక్కడి గొడవ. దిద్దుబాటు చేస్తే సమానత్వపు వాదన (మాట వేరైనా చేసే పని ఒకటే అనే వాదన) పూర్తిగా పోతుందని కింది కోర్టు అంటే, పూర్తిగా కాదు గాని, దిద్దుబాటుతో వదులుకున్న మేర పోయిందనే అనుకోవాలనీ, కాదని నిరూపించే భారం పేటెంటుదారుదేననీ సుప్రీంకోర్టు చెప్పింది. అది అమెరికా చట్టం, మన కోర్టును కట్టిపడేయదు. అయినా సొంత చేతితో రాసిన జవాబును పక్కన పెట్టమని జడ్జీని అడగడం ఎక్కడైనా కష్టమే.

ఆ వెబ్‌సైటులోనే ఇంకొక్కటి: వార్షిక రుసుములు సక్రమంగా కట్టారో లేదో చూడండి. రుసుము కట్టక చచ్చిపోయిన పేటెంటు మీద నోటీసులు పంపిన వారిని నేను చూశాను.

గనుల_కన్వేయర్

నేను న్యాయం చదివినవాణ్ణి కాను. బొగ్గు కన్వేయర్ల నిర్వహణలో ముప్పై నాలుగేళ్లు పని చేసి విశ్రాంతి తీసుకున్నాను. ఈ నోటీసు చదివాక నాకు మొదట వచ్చింది నవ్వే.

ఫ్లూయిడ్ కప్లింగు నిన్న మొన్నటిది కాదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్యోటింగర్ 1905లో దీనికి మూలమైన పేటెంటు తీసుకున్నాడు. ష్టెటిన్‌లోని వుల్కన్ నౌకానిర్మాణ సంస్థలో పని చేస్తూ, వేగంగా తిరిగే ఆవిరి టర్బైనును నెమ్మదిగా తిరగవలసిన ఓడ ప్రొపెల్లర్‌కు కలపడమెలా అన్న చిక్కుకు ఆయన వెతికిన జవాబు అది. అందులోంచి మధ్యనున్న స్థిర చక్రాన్ని తీసేస్తే మిగిలేదే మన కప్లింగు. తరువాత ఇంగ్లండులో హెరాల్డ్ సింక్లేర్ దానిని బస్సులకూ పరిశ్రమలకూ తెచ్చాడు. 1930లో డైమ్లర్ కంపెనీ ఫ్లూయిడ్ ఫ్లైవీల్ పేరుతో కార్లలో పెట్టింది. నిండా వందేళ్ల నుంచి ఎందరో ఇంజనీర్లు ఈ రెండు గిన్నెల మధ్య ఆయిల్‌ను ఎలా ఆపాలి, ఎలా వదలాలి, ఎక్కడ అడ్డు పెట్టాలి అని తలలు బద్దలు కొట్టుకున్నారు. బేఫిల్ అన్నది, డిలే చాంబర్ అన్నది నాకు ఉద్యోగం వచ్చేనాటికే పాతవి. మేము వాడిన దిగుమతి కప్లింగుల్లో బయటి నుంచి విప్పే నాజిల్ స్క్రూలు కూడా ఉండేవి. రాత్రి షిఫ్టులో టార్చి పట్టుకుని, బెల్టు గార్డు తీసి, అలెన్ కీతో నేను స్వయంగా మార్చాను. అప్పుడప్పుడూ ఫ్యూజిబుల్ ప్లగ్గు (వేడి మితిమీరితే కరిగే బిరడా) కరిగి వేడి ఆయిల్ గార్డు నిండా చిమ్మేది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

కనుక బాలానగర్ గారూ, వెనకడుగు వేయకండి. 2014కు ముందు ఈ దేశంలో అలాంటి కప్లింగు వాడుకలో ఉందని చూపిస్తే ఆ పేటెంటే నిలవదు కదా. మీరు మరమ్మతులు చేసిన రోజుల నాటి జాబ్ కార్డులు, స్కెచ్‌లు, పాత బిల్లులు బయటికి తీయండి. ఏ కంపెనీ కప్లింగు, ఏ సైజు, ఏ తేదీన వచ్చింది, లోపల ఏమేమి ఉన్నాయి అన్నవి కాగితం మీద ఉండాలి. "మా రోజుల్లో ఉండేది" అని నాలాంటి ముసలివాడు చెప్పే మాట కోర్టులో ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియదు గాని, నా అవసరం పడితే వచ్చి చెబుతాను. రద్దు కోసం వెంటనే దరఖాస్తు చేయమనే నా సలహా.

వాయిదా_తరువాత_వాయిదా

పెద్దాయన మాటలోని ధైర్యం నాకు నచ్చింది, కాని చివరి వాక్యంతో ఏకీభవించలేను. నేను వాణిజ్య దావాలు చూసే న్యాయవాదిని. రద్దు అనేది చేతిలో ఉండవలసిన ఆయుధమే. దానిని ఎప్పుడు, ఎక్కడ ప్రయోగించాలన్నది మాత్రం తొందరలో తేల్చవలసిన విషయం కాదు.

మొదట చట్టం ఎక్కడ నిలబడిందో చెబుతాను. పేటెంటు మంజూరైనంత మాత్రాన అది చెల్లుతుందని హామీ లేదు. 1970 నాటి పేటెంట్ల చట్టం 13వ సెక్షను నాలుగవ ఉపవిభాగం ఆ మాటను సూటిగానే చెబుతుంది. సుప్రీంకోర్టు కూడా 1978 డిసెంబరు 13న బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో దీనిని గట్టిగా చెప్పింది. మీరు మెషీన్ షాపు మనిషి కాబట్టి ఆ కేసు మీకు బాగా తలకెక్కుతుంది. మీర్జాపూర్‌లో ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసే రెండు సంస్థల మధ్య తగవు. పాత్రను లేత్ మీద తిప్పుతూ మెరుగు పెట్టేటప్పుడు అది ఎగిరిపోకుండా పట్టి ఉంచే పద్ధతి మీద 1951లో ఒకరు పేటెంటు తీసుకున్నారు. అలహాబాదు హైకోర్టులో ఏక న్యాయమూర్తి ఆ పేటెంటును రద్దు చేశారు, ద్విసభ్య ధర్మాసనం తిరిగి నిలబెట్టింది, చివరికి సుప్రీంకోర్టు రద్దునే ఖాయం చేసింది. టెయిల్‌స్టాకు (లేత్ మీద తిరిగే వస్తువు రెండో కొనను ఆనించి పట్టే భాగం) లేత్ తెలిసిన ప్రతివారికీ తెలిసినదే. దాని మొనను కొద్దిగా మార్చి పాత్రకు ఆనించడం వర్క్‌షాపులో సహజంగా జరిగే మెరుగుదలే తప్ప ఆవిష్కరణ కాదు అన్నది తీర్పు సారాంశం. ఆ రంగంలో సమర్థుడైన పనివాడి చేతిలో పాత పరిజ్ఞానాన్ని పెట్టి, సమస్య చెబితే, ఈ పేటెంటు చూడకుండానే "నాకు కావలసింది ఇదే" అని అతను అక్కడికి చేరగలడా అన్నది కొలబద్ద. తెలిసిన నాజిలూ తెలిసిన బేఫిలూ కలిపారు, ఒక్కొక్కటి తన పాత పనే విడివిడిగా చేస్తోంది అనుకుంటే, అలాంటి కలయిక ఆవిష్కరణ కాదనే 3వ సెక్షను ఎఫ్ ఖండం కూడా మీకు తోడు వస్తుంది. అవతలి వారు మాత్రం రెండూ కలిసినందువల్ల కొత్త ఫలితం వచ్చిందని పరీక్ష ఫలితాల పట్టికలు చూపిస్తారు. చూపించకపోతే వారి న్యాయవాది పని తెలియనివాడన్నమాట.

ఇక దారుల సంగతి. మంజూరు తరువాత అభ్యంతరం దాఖలు చేయడానికి, మంజూరు ప్రచురితమైన నాటి నుంచి ఒక సంవత్సరమే గడువు. 2021 పేటెంటు కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది. 64వ సెక్షను కింద రద్దు పిటిషన్, లేదా వారు దావా వేస్తే అందులోనే రద్దు కోరే ఎదురు దావా మిగిలాయి. ఈ రెండూ ఒకేసారి నడపలేరు. గాలిమరల పేటెంట్లకు సంబంధించిన ఆలోయిస్ వోబెన్ కేసులో సుప్రీంకోర్టు 2014లో ఇది తేల్చి చెప్పింది: ఏదో ఒక దారి ఎంచుకోవాలి, ఎంచుకున్నాక దానికే కట్టుబడాలి. ఈరోజు ఆవేశంలో పిటిషన్ వేసేస్తే, రేపు వారు దావా వేసినప్పుడు అదే కోర్టులో, అదే జడ్జి ముందు, ఉల్లంఘనతో పాటు చెల్లుబాటును కూడా కలిపి వాదించే అవకాశం చేజారుతుంది. కొన్నిసార్లు అలా ముందే వెళ్లడమే మంచిది, కాని అది లెక్క వేసుకుని చేయవలసిన పని. ఒకప్పుడు రద్దు దరఖాస్తులను మేధో సంపత్తి అప్పీలు బోర్డు వినేది. 2021లో ఆ బోర్డును ఎత్తివేశాక అవి హైకోర్టుకే వెళుతున్నాయి.

105వ సెక్షను అని ఇంకొకటి ఉంది. "నా వస్తువు మీ పేటెంటును ఉల్లంఘించడం లేదని ఒప్పుకోండి" అని పూర్తి వివరాలతో పేటెంటుదారుకు రాసి, వారు నిరాకరించినా పట్టించుకోకపోయినా, ఉల్లంఘన లేదన్న ప్రకటన కోసం కోర్టుకు వెళ్లవచ్చు. ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఆ దావాలో పేటెంటు చెల్లదని వాదించడానికి వీలు లేదు. పైగా కోర్టు వేరుగా చెబితే తప్ప ఇరుపక్షాల ఖర్చులూ మీరే భరించాలి.

మీకు జరిగిన అసలు నష్టం మీ కొనుగోలుదారు ఆగిపోవడం. ఆ గాయానికి మందు 106వ సెక్షను. ఆధారం లేని బెదిరింపులు ఉత్తరాల ద్వారా గాని, సర్క్యులర్ల ద్వారా గాని చేస్తే, వాటిని ఆపించమనీ నష్టపరిహారం ఇప్పించమనీ కోరవచ్చు. ఉల్లంఘన ఉందని నిరూపించుకోవలసిన భారం అప్పుడు వారిది. అయితే "మాకు ఫలానా పేటెంటు ఉంది" అని తెలియజేయడం ఒక్కటే బెదిరింపు కిందకు రాదు. కొనుగోలుదారుకు వెళ్లిన కాగితంలో సరిగ్గా ఏ మాటలు ఉన్నాయో నాకు చూపించండి. అంతకన్నా ముందు, ఈ వారంలోనే, వారు దావా వేయగలిగిన కోర్టుల్లో కేవియట్ (ముందస్తు వినతి) దాఖలు చేయించండి. అది 90 రోజులు పని చేస్తుంది. మీ మాట వినకుండా మధ్యంతర నిషేధాజ్ఞ వెలువడే ప్రమాదం తగ్గుతుంది. ఒక్క ఉత్తర్వుతో ఫ్యాక్టరీ తలుపు మూతపడ్డాక ఎంత గొప్ప వాదన ఉన్నా చప్పబడిపోతుంది.

బాలానగర్_లేత్

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా షెడ్డులో పాత కాగితాల మధ్యే ఉన్నాను.

మొదటి సంగతి. పరీక్షా దస్త్రం దింపుకున్నాను. మొదట దాఖలు చేసిన క్లెయిమ్‌లో "రన్నర్ లోపలి అంచు వద్ద అడ్డు" అని మాత్రమే ఉంది. పరీక్షకుడు రెండు పాత విదేశీ పేటెంట్లు చూపించాక, "విప్పి తీయగలిగేలా బిగించిన వలయాకారపు ప్లేటు" అని మార్చారు. ప్లేటు వ్యాసాన్ని లోడుకు తగినట్టు మార్చుకోవచ్చు కాబట్టి తమది వేరని జవాబులో రాశారు. మా పెదవి వ్యాసాన్ని మార్చాలంటే రన్నర్‌నే పారేసి కొత్తది పోత పోయాలి.

రెండవది. 2011లో తాండూరు దగ్గరి ఒక క్రషర్ యజమాని మరమ్మతుకు తెచ్చిన దిగుమతి కప్లింగు జాబ్ కార్డు దొరికింది. తేదీ ఉంది, బిల్లు నంబరు ఉంది. మా నాన్నగారు వెనుక పెన్సిలుతో గీసిన స్కెచ్‌లో బయటి నాజిల్ స్క్రూలు, వాటి రంధ్రం కొలత స్పష్టంగా ఉన్నాయి. కాని లోపలి అంచు దగ్గర ఏముందో ఆయన గీయలేదు. ఆ యజమాని తరువాత కొత్తది కొనుక్కుని పాతదానిని మాకే తుక్కు కింద వదిలేశారు. అది ఇప్పటికీ షెడ్డు వెనుక పడి ఉంది, ఇంకా విప్పలేదు.

ఒక విషయం మొదట రాయడం మరచాను. నోటీసులో పేటెంటుతో పాటు కప్లింగు బయటి పెంకు మీది చల్లబరిచే పక్కటెముకల ఆకారం మీద డిజైన్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఇచ్చారు. అది వేరే తలనొప్పా?

వాయిదా_తరువాత_వాయిదా

వేరేదే, కాని చిన్నది. 2000 నాటి డిజైన్ల చట్టం కంటికి కనిపించే రూపాన్ని కాపాడుతుంది. నిర్మాణ సూత్రం గాని, సారాంశంలో కేవలం యాంత్రిక సాధనమైనది గాని డిజైన్ కిందకు రాదని ఆ చట్టపు నిర్వచనమే చెబుతుంది. పక్కటెముకలు వేడి పోవడానికి ఉన్నాయి తప్ప అందానికి కాదని చూపగలిగితే మీకు వాదన ఉంది. వారి రిజిస్ట్రేషన్ బొమ్మను, మీ పెంకు ఫొటోను ఒకే కోణం నుంచి తీసి నాకు పంపండి. మీ ఎముకలు నిటారుగానూ వారివి వంపుగానూ ఉంటే ఇంత చర్చ కూడా అక్కరలేదు. కాగితాలకు బలం చాలనప్పుడు నోటీసు బరువు పెంచడానికి ఇలాంటి నంబర్లు జత చేయడం మామూలే.

క్లెయిమ్_చదివేవాడు

బాలానగర్ గారూ, దస్త్రంలో మీకు దొరికింది చిన్న విషయం కాదు. "అడ్డు" అన్న విశాలమైన మాటను తామే వదులుకుని "విప్పగలిగే ప్లేటు" దగ్గరకు వచ్చారు, ఎందుకు వచ్చారో కూడా తామే రాశారు. పోత పోసిన పెదవి మొదటి మాట కిందకు వస్తుంది, రెండవ మాట కిందకు రాదు. క్యాట్నిక్ లింటెల్‌లో వంపు వల్ల పనిలో తేడా రాలేదు. ఇక్కడ తేడా ఉంది: వారు గొప్పగా చెప్పుకున్న వ్యాసం మార్చుకునే వెసులుబాటు మీ పెదవికి లేదు.

ఇక ఆ తుక్కు కప్లింగు. విప్పి చూస్తే లోపల పోత పెదవి ఉండవచ్చు, విప్పే ప్లేటు ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు. విప్పే ప్లేటే ఉంటే, పైగా అది 2011లో వచ్చినప్పటి స్థితిలోనే ఉందని నిరూపించగలిగితే, క్లెయిమ్‌లోని అంశాలన్నీ ఒకే పాత వస్తువులో ఉన్నట్టే, పేటెంటు కొత్తదనమే పోతుంది. పెదవి ఉంటే అది మీ కప్లింగుకు అన్నలాంటిది. అప్పుడు 1913 నాటి జిలెట్ కేసులో బ్రిటిషు న్యాయమూర్తులు చెప్పిన వాదన మీకు అతికినట్టు సరిపోతుంది. నేను చేస్తున్నది పాత రోజుల్లో ఉన్నదే. దానిని కూడా కలుపుకునేంత విశాలంగా నీ క్లెయిమ్‌ను చదివితే అది పాతదానిని కూడా కలుపుకుంటుంది కాబట్టి చెల్లదు. పాతదానిని వదిలేసేంత ఇరుకుగా చదివితే నన్ను కూడా వదిలేయాలి. అవతలి వారికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏమీ లేకపోయినా మీరు నష్టపోరు: బయటి నాజిల్ పాతదేనని జాబ్ కార్డు చెబుతుంది, అప్పుడు వారి కొత్తదనం అంతా ఆ ప్లేటు మీదే నిలబడాలి, ఆ ప్లేటు మీ దగ్గర లేదు.

నోటీసుకు జవాబులో ఇదంతా కుమ్మరించకండి. క్లెయిమ్‌లోని ఫలానా అంశం మా వస్తువులో లేదు, మీరు ఏ అంశం ఎక్కడ ఉందంటున్నారో పట్టిక వేసి చూపించండి అని మర్యాదగా అడిగితే చాలు. ఢిల్లీ హైకోర్టు 2022లో చేసిన పేటెంటు దావాల నియమాలు అలాంటి పోలికను వాది నుంచే ఆశిస్తాయి. పట్టిక వేయడం మొదలుపెట్టినప్పుడే వారికీ ఆ ఖాళీ గడి కనబడుతుంది. పాత కప్లింగు సంగతి మాత్రం మీ న్యాయవాది చెప్పేదాకా ఎక్కడా రాయకండి. ఇక్కడ రాసింది కూడా తీసేయమని నిర్వాహకులను అడగడం మంచిది.

గనుల_కన్వేయర్

రద్దు విషయంలో తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. వోబెన్ సంగతి నాకు తెలియదు. యంత్రం గురించి మాత్రం ఒక మాట. బాలానగర్ గారూ, ఆ పాత కప్లింగును మీరు ఒక్కరే కూర్చుని విప్పకండి. కిరోసిన్‌తో కడగకండి, నాజిల్ స్క్రూల చుట్టూ ఉన్న పెయింటు గీకకండి. ఎన్నడూ విప్పని స్క్రూ మీద పెయింటు పగలకుండా ఉంటుంది. ఎప్పుడు వేసిన పెయింటో, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారో లేదో దానిని చూసే చెప్పవచ్చు. నేమ్‌ప్లేటు మీది సీరియల్ నంబరు పట్టుకుని తయారైన సంవత్సరం రాబట్టవచ్చు. మీ న్యాయవాదినీ, ఈ కేసుతో సంబంధం లేని ఒక మెకానికల్ ఇంజనీరునూ పిలిచి, వీడియో తీస్తూ, వారి ఎదుటే విప్పించండి. వచ్చే శనివారం నేను హైదరాబాదులోనే ఉంటాను, నా అలెన్ కీల సెట్టు తెచ్చుకుంటాను.